రోడ్డు ఎటు పోవాలో తేలేది ఎప్పుడు?

ఒక పెద్ద రోడ్డు గురించి జనం అభిప్రాయం అడిగే రోజున ఏం జరుగుతుందో గమనిస్తే అసలు చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. టెంటు వేస్తారు, కుర్చీలు వేస్తారు, మైకు పెట్టి మాట్లాడమంటారు. అప్పటికే సర్వే అయిపోయి రాళ్లు పాతేసి ఉంటాయి. అలైన్‌మెంట్, అంటే రోడ్డు ఎటు పోవాలన్నది, ఖరారై ఉంటుంది. డబ్బు ఎక్కడి నుంచి రావాలో, పని ఎప్పటికి పూర్తికావాలో కాగితాల మీదికి ఎక్కేసి ఉంటుంది. వచ్చినవాళ్ల మనసులో ఉన్న ప్రశ్న, 'ఈ రోడ్డు ఇటే ఎందుకు పోవాలి?' అని. జవాబు దొరికేది మాత్రం పోయే భూమికి ఎంత ఇస్తారన్న ప్రశ్నకే.

రోడ్డు కావాలా అడవి కావాలా, అభివృద్ధి కావాలా ఊరు కావాలా అంటూ జరిగే గొడవల్లో చాలా భాగం ఈ ఆలస్యం నుంచే పుడుతుంది. మ్యాపు మీద గీత గీయకముందు అడిగితే అవి మామూలు ప్రశ్నలు. చిత్తడి నేలను చుట్టి వెళ్తే ఎంత దూరం పెరుగుతుంది? కొండను తొలిచే బదులు లోయ అంచున వంతెన వేస్తే ఖర్చెంత? ఉన్న రోడ్డునే బాగుచేస్తే సరిపోదా? వీటికి ఇంజినీర్ల దగ్గర జవాబులుంటాయి. గీత గీశాక అవే ప్రశ్నలు అడిగితే ప్రాజెక్టుకు అడ్డుపడుతున్నట్టు లెక్క. అప్పటికి మిగిలేది అతుకులు వేయడమే. కొట్టేసిన చెట్లకు బదులు మొక్కలు, పోయిన ఇంటికి చెక్కు, జంతువులు చచ్చిపోయే మలుపులో ఒక హెచ్చరిక బోర్డు.

పర్యావరణ ప్రణాళికలో అందరూ ఒప్పుకునే ఒక వరుస ఉంది. ముందు నష్టాన్ని తప్పించాలి. తప్పించలేనిదాన్ని తగ్గించాలి. ఇంకా మిగిలితే చెడినదాన్ని తిరిగి బాగుచేయాలి. అదీ కుదరనప్పుడు చివరగా మరోచోట దానికి బదులు చేయాలి. కాగితం మీద ఈ వరుసను ఎవరూ కాదనరు. పనిలోకి వచ్చేసరికి అది తలకిందులవుతుంది. చివర రావాల్సిన మొక్కల పెంపకం గురించే అందరికన్నా ముందు మాట్లాడతారు. గీతను అంగుళం కదపకుండా చేయగలిగింది అదొక్కటే కాబట్టి.

రోడ్డు అక్కర్లేదని మాత్రం ఎవరూ అనలేరు. వానాకాలమంతా బురదలో దిగబడే దారి ఉన్న ఊరికి ఆస్పత్రి పది కిలోమీటర్ల దూరంలో ఉన్నా లేనట్టే. నొప్పులు మొదలైన మనిషిని మంచం మీద మోసుకెళ్లాల్సి వచ్చిన ఇంట్లో పర్యావరణం గురించి పాఠం చెప్పే హక్కు ఎవరికీ లేదు. భారతదేశంలో 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఈ అవసరం నుంచే వచ్చింది. మైదాన ప్రాంతాల్లో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసాలకు ఏ కాలంలోనైనా తిరగగలిగే రోడ్డు వేయాలన్నది దాని లక్ష్యం.

ఆ రోడ్లు ఏం మార్చాయో శామ్ ఆషర్, పాల్ నోవోసాద్ అనే ఆర్థికవేత్తలు లెక్కకట్టి 2020లో ప్రచురించారు. రోడ్డు వచ్చిన ఊళ్లలో చాలామంది పొలం పని వదిలి బయటి పనులకు వెళ్లగలిగారు. కానీ ఊరి ఆదాయంలో, పంటల తీరులో, ఇంటి ఖర్చుల్లో పెద్ద మార్పు కనబడలేదు. అంజలి అదుకియాతో కలిసి వాళ్లే చేసిన మరో పరిశీలనలో, రోడ్డు వచ్చాక పిల్లలు ప్రాథమిక బడి దాటి పై తరగతుల్లో కొనసాగడం పెరిగినట్టు తేలింది. రోడ్డు తలుపు తెరుస్తుంది. ఆ తలుపులోంచి ఎవరు బయటికి వెళ్తారు, ఏం లోపలికి వస్తుంది అన్నది బడి, పని, మార్కెట్, అప్పు లాంటి మిగతా వాటి మీద ఆధారపడి ఉంటుంది. రోడ్డు వేస్తే చాలు, సంపద దానంతటదే వస్తుందన్న నమ్మకానికి ఈ లెక్కల్లో ఆధారం లేదు.

ఇక్కడే ఒక తేడా పట్టుకోవాలి. అసలు దారే లేని ఊరిని కలిపే చిన్న రోడ్డు వేరు. ఇప్పటికే నాలుగు దారులున్న రెండు నగరాల మధ్య ప్రయాణాన్ని అరగంట తగ్గించడానికి వేసే వెడల్పాటి రహదారి వేరు. మొదటిది తక్కువ నేల తీసుకుని మనుషుల బతుకును గట్టిగా మారుస్తుంది. రెండోది ఎక్కువ నేల మింగుతుంది, దాని లాభం ఎక్కువగా దూరాన ఉన్నవాళ్లకు అందుతుంది. రెండింటికీ 'అభివృద్ధి' అనే ఒకే పేరు పెట్టి, మొదటిదాని మీద జనానికున్న మమకారాన్ని రెండోదానికి వాడుకోవడం న్యాయం కాదు.

ఈ తేడాను ప్రపంచం మొత్తానికి వర్తింపజేసే ప్రయత్నం ఒకటి జరిగింది. 2050 నాటికి ప్రపంచంలో కొత్తగా దాదాపు 2.5 కోట్ల కిలోమీటర్ల రోడ్లు వస్తాయనీ, వాటిలో పదింట తొమ్మిది వంతులు అభివృద్ధి చెందుతున్న దేశాల్లోనే ఉంటాయనీ అప్పటికే ఒక అంచనా ఉంది. విలియం లారెన్స్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2014లో దీన్ని ముందు పెట్టుకుని ఒక మ్యాపు తయారుచేశారు. ఎక్కడ రోడ్డు వేస్తే పంట బాగా పెరుగుతుంది, ఎక్కడ వేస్తే ప్రకృతికి ఎక్కువ నష్టం అన్నది పక్కపక్కన పెట్టి చూశారు. రోడ్డు వేస్తే లాభం ఎక్కువ, నష్టం తక్కువ ఉండే నేల చాలానే కనిపించింది. అంటే రోడ్లు ఆపడమా వేయడమా అన్నదాని కన్నా, ముందు ఎక్కడ వేయాలన్న ప్రశ్నే పెద్దది.

రోడ్డు తీసుకునే చోటును దాని వెడల్పుతో కొలవడం మామూలుగా జరిగే పొరపాటు. ముప్పై మీటర్ల రోడ్డుకు ముప్పై మీటర్ల నేలే పోతుందనుకుంటారు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 2012లో జరిగిన ఒక ప్రయోగం ఈ లెక్క ఎంత తప్పో చూపించింది. వలస పక్షులు ఆగే ఒక కొండ మీద, రోడ్డు అనేదే లేని చోట, అర కిలోమీటరు పొడవునా స్పీకర్లు పెట్టి వాహనాల రొద వినిపించారు. నేల చదును చేయలేదు, చెట్టు కొట్టలేదు, ఒక్క బండీ తిరగలేదు. శబ్దం ఒక్కదానికే అక్కడ వాలే పక్షులు పావు వంతుకు పైగా తగ్గిపోయాయి. కొన్ని జాతులైతే దాదాపుగా ఆ చోటే వదిలేశాయి.

టైర్ల సంగతి ఇంకా వింతగా బయటపడింది. అమెరికా పశ్చిమ తీరంలో గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎదురీది వచ్చే కోహో సాల్మన్ చేపలు, వాన పడి రోడ్ల మీది నీళ్లు వాగులో కలవగానే గంటల్లో చచ్చిపోయేవి. ఏళ్లకొద్దీ కారణం తెలియలేదు. చివరికి 2020లో పరిశోధకులు దాన్ని పట్టుకున్నారు. రబ్బరు పగలకుండా టైర్లలో ఒక రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి మరో పదార్థంగా మారుతుంది. అరిగిన టైరు పొడితో పాటు వాన నీటిలో కొట్టుకుపోయి చేపను చంపేది అదే. దాని పేరు 6పీపీడీ-క్వినోన్. రోడ్డు నీళ్లను నేరుగా వాగులోకి వదలకుండా ఇసుక, మట్టి పొరల గుండా వడకట్టి పంపితే ఈ చావులు చాలావరకు తప్పించవచ్చని కూడా తేలింది. ఆ వడపోత గుంటకు చోటు కావాలి. దాన్ని డిజైన్ దశలోనే వదలాలి. రోడ్డు పక్కన భవనాలు లేచాక ఎవరూ వదలలేరు.

ఇలాంటి ప్రభావాలన్నీ కలిపి చూస్తే రోడ్డు రెండు పక్కలా కిలోమీటరు దాకా నేల మారిపోతుందన్న లెక్కతో 2016లో ఒక ప్రపంచ పటం వచ్చింది. రోడ్లు భూమిని ఆరు లక్షలకు పైగా ముక్కలుగా కోసేశాయి. వాటిలో సగానికి పైగా ఒక చదరపు కిలోమీటరు కన్నా చిన్నవి. 100 చదరపు కిలోమీటర్లు దాటిన ముక్కలు 7 శాతమే.

నీటి విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. అన్నిటికన్నా తేలిగ్గా తప్పించగలిగిన నష్టం అక్కడే ఉంది, అన్నిటికన్నా ఎక్కువగా జరిగే నష్టమూ అక్కడే. ఎత్తు చేసి వేసిన ప్రతి రోడ్డూ ఒక కట్టే. చెరువు కట్టకైతే నీళ్లు ఎటు వస్తాయి, ఎటు పోతాయి, అలుగు ఎక్కడ అని ఆలోచిస్తారు. రోడ్డు కట్టకు ఆ ఆలోచన తూముల లెక్కతో ఆగిపోతుంది. తూము చిన్నదైతే పైవైపు పొలాలు నిలవ నీటిలో కుళ్లిపోతాయి, కిందివైపు బావులు ఎండిపోతాయి. విశాలంగా పారాల్సిన నీరంతా ఒక్క రంధ్రంలోంచి దూకితే దాని ముందున్న నేల కోసుకుపోతుంది. పెద్ద వాన వస్తే చివరికి రోడ్డే తెగిపోతుంది.

అమెరికాలోని ఫ్లోరిడాలో టాంపా, మయామీ నగరాలను కలుపుతూ 1928లో టమయామి ట్రైల్ అనే రోడ్డు పూర్తయింది. ఎవర్‌గ్లేడ్స్ అనే మహా చిత్తడి నేలను అది అడ్డంగా కోసింది. అక్కడ నీరు కాలువలా పారదు. మైళ్ల వెడల్పున పల్చని పొరలా, గడ్డి మధ్య నుంచి దక్షిణానికి మెల్లగా జారుతుంది. రోడ్డు దానికి గోడలా అడ్డం పడింది. ఉత్తరాన నీరు నిలిచింది, దక్షిణాన ఉన్న జాతీయ పార్కు ఎండుతూ వచ్చింది. అప్పట్లో నీటి తీరు చూసి కొంత భాగాన్ని స్తంభాల మీద కట్టి ఉంటే సరిపోయేది. ఎనభై ఏళ్లు దాటాక ఆ పని చేయాల్సి వచ్చింది. 2013లో ఒక మైలు రోడ్డును తీసేసి వంతెన కట్టారు. ఆ తర్వాత 2019 నాటికి మరో రెండు మైళ్లకు పైగా వంతెనగా మార్చారు. మొదటే కట్టాల్సిన వంతెనను రోడ్డు మీద బండ్లు తిరుగుతుండగా, కోట్ల డాలర్లు పెట్టి కట్టారు.

దీనికి ఎదురుగా ఇథియోపియాలోని టిగ్రే ప్రాంతాన్ని చూడాలి. కరువు నేల, ఏటవాలు కొండలు. రోడ్డు మీది నుంచి, తూముల నుంచి దూకే వాన నీరు పొలాలను కోసేస్తోందని రైతుల ఫిర్యాదు. 2010ల్లో అక్కడ అదే నీటిని మళ్లించడం మొదలుపెట్టారు. తూము దిగువన ఇంకుడు గుంటలు తవ్వారు, రోడ్డు పక్క కాలువను పొలం గట్ల లోపలికి తిప్పారు, రోడ్డుకు మట్టి తీసిన గోతులను పూడ్చకుండా చెరువులుగా మలిచారు. కెన్యాలోని మకువేని, కిటుయి ప్రాంతాల్లోనూ రైతులు ఈ పద్ధతి అందుకున్నారు. పంటను ముంచిన నీరే పంటను తడిపింది. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ప్రత్యేక టెక్నాలజీ అక్కర్లేదు. తూము ఎక్కడ పెడితే నీరు ఎవరి చేనులోకి పోతుందో ఆ చేను దున్నేవాడిని ముందుగా అడగడమే ఇందులో ముఖ్యమైన పని. ఆ నేల మీద పెద్ద వానకు నీరు ఎటు పారుతుందో ఉపగ్రహ చిత్రం కన్నా అతనికి బాగా తెలుసు.

అడవిలో రోడ్డు విషయం వేరు. అక్కడ రోడ్డు చేసే నష్టం రోడ్డుతో ఆగదు. బ్రెజిల్ అమెజాన్‌లో జరిగిన అడవి నరికివేతలో దాదాపు 95 శాతం, రోడ్లకు 5.5 కిలోమీటర్ల లోపు గానీ, పడవలు తిరిగే నదులకు ఒక కిలోమీటరు లోపు గానీ జరిగిందని 2014 నాటి ఒక అధ్యయనం తేల్చింది. ప్రభుత్వం వేసిన ప్రతి కిలోమీటరు రోడ్డుకు, దాని నుంచి చీలుతూ దాదాపు మూడు కిలోమీటర్ల దొంగ దారులు పుట్టుకొచ్చాయి. ముందు కలప కొట్టేవాళ్లు, వెనకే పశువుల మంద, ఆ వెనక భూమి అమ్ముకునేవాళ్లు. ఆకాశం నుంచి చూస్తే నడుమ వెన్నెముక, రెండు వైపులా ఎముకలు ఉన్న చేప అస్థిపంజరంలా కనిపిస్తుంది.

బీఆర్-364 రహదారి కథ ఇందుకు గుర్తుపెట్టుకోదగ్గది. 1980లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో బ్రెజిల్ ఆ రోడ్డుకు తారు వేసింది. ప్రాజెక్టు కాగితాల్లో అడవి రక్షణ, ఆదివాసుల భూముల రక్షణ అన్నీ ఉన్నాయి. రోడ్డు ముందు పూర్తయింది, రక్షణ వెనకబడింది. రొండోనియా రాష్ట్రంలోకి వలస వచ్చినవాళ్లు వెల్లువెత్తారు, అడవి కరిగిపోయింది. 1985లో బ్యాంకు కొంతకాలం నిధులు ఆపింది. 1987లో బ్యాంకు అధ్యక్షుడు బార్బర్ కోనబుల్ ఈ ప్రాజెక్టు దారి తప్పిందని బహిరంగంగా ఒప్పుకున్నారు.

అదే రోడ్డును పక్క రాష్ట్రమైన ఆక్రేలోకి పొడిగించబోతే చికో మెండెస్ నాయకత్వంలో రబ్బరు పాలు తీసే కూలీలు నిలబడ్డారు. వాళ్లు అడిగింది రోడ్డు వద్దని కాదు. ముందు అడవి మీద తమ హక్కు తేల్చమన్నారు. చెట్టు కొట్టకుండా రబ్బరు, గింజలు సేకరించుకుని బతికే ప్రాంతాలను చట్టబద్ధంగా గుర్తించమన్నారు. పొడిగింపుకు అప్పు ఇస్తున్న అమెరికా ఖండాల అభివృద్ధి బ్యాంకు 1987లో నిధులు ఆపింది. 1988 డిసెంబరు 22న మెండెస్‌ను ఇంటి దగ్గరే కాల్చి చంపారు. 1990లో ఆయన పేరు మీదే ఆక్రేలో అలాంటి రక్షిత ప్రాంతం ఏర్పడింది. ఏది ముందు జరగాలి, ఏది తర్వాత జరగాలి అన్న వరుస కోసం ఒక మనిషి ప్రాణం పోయింది. రోడ్డు వల్ల అడవి పోతుందా అని అడిగినప్పుడు ఇంజినీరు ఇచ్చే జవాబు తన పరిధిలో నిజమే. తను వేసే రోడ్డు పడినంత మేరే చెట్లు పోతాయంటాడు. ఆ వెనక వచ్చేదాన్ని ఆపే యంత్రాంగం రోడ్డుకన్నా ముందు అక్కడ ఉందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

జంతువుల దారుల విషయంలో మంచి కబురు ఉంది. కెనడాలోని బాన్ఫ్ జాతీయ పార్కు గుండా పోయే ట్రాన్స్-కెనడా హైవే మీద 1980ల నుంచి మొదలుపెట్టి 6 పైవంతెనలు, 38 కింది దారులు కట్టారు. పైవంతెన అంటే రోడ్డు మీద చిన్న కొండలా, మట్టి, చెట్లతో ఉంటుంది. రోడ్డు పొడవునా కంచె వేసి జంతువులను అటు మళ్లించారు. వాహనాలు జంతువులను ఢీకొట్టడం 80 శాతానికి పైగా తగ్గింది. గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఆ వంతెనలను నమ్మడానికి కొన్నేళ్లు పట్టింది. మొదటి ఏడాదే లెక్క తీసి పనికిరాలేదని తేల్చేసి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

భారతదేశంలో పెంచ్ పులుల అడవి పక్కగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద 9 కింది దారులు, వంతెనలు కట్టారు. వాటిలో కొన్ని 750 మీటర్ల పొడవున్నాయి. 2019లో కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల అడవి జంతువులు వాటి కింద నుంచి నడిచాయి, పులులతో సహా. అయితే ఇది ఏళ్ల తరబడి నడిచిన కోర్టు గొడవ తర్వాత వచ్చింది. మొదటి డిజైన్‌లోనే ఉండి ఉంటే రోడ్డూ ముందే పూర్తయ్యేది. పర్యావరణం పేరుతో ప్రాజెక్టులు ఆలస్యమవుతున్నాయని వినబడినప్పుడల్లా ఈ సంగతి గుర్తుచేసుకోవాలి. చాలాసార్లు ఆలస్యానికి కారణం, ఆ ప్రశ్నను మొదట అడగకపోవడమే.

కింది దారి ఉంది కదా అని ఏ అడవిలోనైనా రోడ్డు వేయవచ్చనుకుంటే అది మరో తప్పు. టాంజానియాలో సెరెంగెటి జాతీయ పార్కు ఉత్తర భాగం గుండా రోడ్డు వేయాలని 2010లో ప్రతిపాదన వచ్చింది. పది లక్షలకు పైగా విల్డ్‌బీస్ట్ జంతువులు ఏటా గుంపులుగా దాటే నేల అది. అంత పెద్ద కదలికకు వంతెనలతో దారి చూపించలేం. తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం 2014లో ఆ రోడ్డుకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. పార్కుకు దక్షిణంగా చుట్టి వెళ్లే మరో దారి కూడా చర్చలో ఉండేది. దూరం ఎక్కువే, కానీ ఎక్కువ ఊళ్లను కలుపుతుంది. చుట్టి వెళ్లే దారి అంటే నష్టపోవడమేనని ముందే అనుకోకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ.

మనుషుల విషయానికి వస్తే, పరిహారం అనగానే పట్టా ఉన్నవాడే గుర్తొస్తాడు. భూమి పోతే నష్టపోయేవాళ్లలో అతను ఒకడు మాత్రమే, చాలాసార్లు అందరికన్నా తక్కువ నష్టపోయేవాడు కూడా. అదే పొలం కౌలుకు చేసుకునే మనిషికి, అందులో కూలికి వెళ్లే ఆడవాళ్లకు, బీడులో మేకలు మేపుకునేవాళ్లకు, పాత రోడ్డు పక్కన టీ కొట్టు పెట్టుకున్నవాళ్లకు కాగితం ఉండదు. ప్రపంచ బ్యాంకు ఇప్పుడు పాటిస్తున్న నియమాలు, భూమి మీద చట్టపరమైన హక్కు లేనివాళ్లకూ పునరావాస సాయం ఇవ్వాలంటాయి. భారతదేశపు 2013 భూసేకరణ చట్టం కూడా కౌలుదారులను, కూలీలను ప్రభావిత కుటుంబాల్లో చేర్చింది. భూమి తీసుకోకముందే సామాజిక ప్రభావం అంచనా వేయాలని ఆ చట్టమే చెప్పింది. కానీ జాతీయ రహదారుల చట్టం కింద తీసుకునే భూమిని దాని నుంచి మినహాయించారు. 2015 నుంచి పరిహారం, పునరావాసం భాగాలను ఆ భూములకూ వర్తింపజేశారు. ముందుగా అడిగి అంచనా వేసే భాగాన్ని మాత్రం వర్తింపజేయలేదు. డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుని, ముందుగా అడగడానికి ఒప్పుకోకపోవడం ఇక్కడ చట్టంలోనే అచ్చుపడి ఉంది.

భూమి పోనివాళ్ల నష్టం ఏ లెక్కలోకీ రాదు. రోడ్డుకు ఇటు ఇల్లు, అటు పొలం మిగిలిపోయిన కుటుంబానికి చెక్కు రాదు. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న అండర్‌పాస్ దాకా నడిచి, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి నడవాలి. ముసలివాళ్లు, పిల్లలు ఆ చుట్టు తిరగరు, మధ్యలో డివైడర్ ఎక్కి దాటుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా దాదాపు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. వాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిల్, మోటారు సైకిల్ మీద పోయేవాళ్లు. దాటేవాడి అజాగ్రత్త అని రాసేసుకునే ఈ చావుల్లో చాలావాటికి కారణం, మనుషులు రోజూ ఎక్కడ దాటుతారో చూడకుండా వేసిన డిజైనే.

వాహనాలు పెరిగితే పలకరింపులు కూడా తగ్గుతాయి. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో అటూఇటుగా ఒకేలా ఉన్న మూడు వీధులను పోల్చి చూశారు. రోజుకు 2,000 వాహనాలు పోయే వీధిలో ఉన్నవాళ్లకు, 16,000 వాహనాలు పోయే వీధిలో ఉన్నవాళ్ల కన్నా అదే వీధిలో మూడు రెట్లు ఎక్కువమంది స్నేహితులున్నారు.

నగరాల్లో రోడ్ల వెడల్పు గురించి ఒక్క విషయం చెప్పుకుంటే చాలు. జిల్ డురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికా నగరాల లెక్కలు తీసి, లేన్లు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరమూ దాదాపు అంతే శాతం పెరుగుతుందని చూపించారు. కొత్త చోటు కనబడగానే కొత్త ప్రయాణాలు పుడతాయి. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే రహదారిని 2008 నాటికి కొన్నిచోట్ల 26 లేన్ల దాకా వెడల్పు చేశారు. కొన్నేళ్లకే రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది.

దీనికి తిరగబడ్డ కథ సియోల్‌లో జరిగింది. చియొంగ్యేచియొన్ అనే వాగును మూసేసి దాని మీద ఎత్తయిన ఫ్లైఓవర్ కట్టి ఉండేది. రోజుకు లక్షకు పైగా వాహనాలు తిరిగేవి. 2003లో దాన్ని కూల్చడం మొదలుపెట్టి, 2005 నాటికి 5.8 కిలోమీటర్ల వాగును మళ్లీ తెరిచారు. ట్రాఫిక్ స్తంభించిపోతుందన్న భయం నిజం కాలేదు. బస్సుల వ్యవస్థను కూడా అదే సమయంలో మార్చడం అందుకు సాయపడింది. చుట్టుపక్కల రోడ్ల కన్నా వాగు వెంట వేసవి వేడి కొన్ని డిగ్రీలు తగ్గింది. ఇంతవరకే చెప్పి ఆగితే కథ సగమే చెప్పినట్టు. ఆ ఫ్లైఓవర్ కింద చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లను పాత స్టేడియంలోకి పంపారు, కొన్నేళ్లకు అక్కడి నుంచీ లేపేశారు. ఇప్పుడు వాగులో పారే నీటిలో చాలా భాగం పంపులతో తెచ్చి పోస్తున్నది. పచ్చదనం తెచ్చే ప్రాజెక్టు కూడా పేదవాళ్లను పక్కకు నెట్టగలదు. 'పర్యావరణ ప్రాజెక్టు' అన్న పేరు ఉన్నంత మాత్రాన వాళ్లను అడగక్కర్లేదన్న మినహాయింపు ఏదీ లేదు.

ప్రభావాన్ని అంచనా వేసే పద్ధతిలోనే ఒక లోపం ఉంది. 1970 జనవరి 1న అమెరికాలో సంతకమైన జాతీయ పర్యావరణ విధాన చట్టం నుంచి ఈ ఆలోచన ప్రపంచమంతా పాకింది. పర్యావరణ ప్రభావ అంచనా ఇప్పుడు దాదాపు ప్రతి దేశంలోనూ తప్పనిసరి. కానీ అది ఒక్కో ప్రాజెక్టుకు విడిగా జరుగుతుంది. రోడ్డు వేసే సంస్థే డబ్బిచ్చి కన్సల్టెంట్‌తో నివేదిక రాయించుకుంటుంది. ఇక ముక్కలు చేస్తే అంచనానే అక్కర్లేకుండా పోతుంది. హిమాలయాల్లో చార్‌ధామ్ రోడ్ల వెడల్పు పని మొత్తం దాదాపు 900 కిలోమీటర్లు. 100 కిలోమీటర్లు దాటితే పర్యావరణ అంచనా కావాలన్న నిబంధన ఉంది. ఆ పనిని 53 చిన్న ప్రాజెక్టులుగా విడగొట్టారు, ఏదీ 100 దాటలేదు. తర్వాత వెడల్పు ఎంత ఉండాలన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2020లో 5.5 మీటర్లన్న కోర్టు, దేశ రక్షణ అవసరం దృష్ట్యా 2021 డిసెంబరులో 10 మీటర్లకు అనుమతించింది. సైన్యం అవసరాన్ని ఎవరూ తేలిగ్గా తీసేయలేరు. కానీ కొండను నిలువుగా కోస్తే ఎక్కడ జారుతుందో మొత్తం దారికి కలిపి ఒకసారి చూసి ఉంటే, ఆ రక్షణ రోడ్డే వానాకాలంలో తక్కువ రోజులు మూతపడేది.

విడివిడి రోడ్లను కాకుండా మొత్తం ప్రణాళికను తూచిన చోటు బ్రిటన్‌లోని వేల్స్. 2021లో అక్కడి ప్రభుత్వం కొత్త రోడ్ల పనులు ఆపి ఒక సమీక్ష బృందాన్ని వేసింది. 2023 ఫిబ్రవరిలో చాలా ప్రాజెక్టులను పక్కన పెట్టి, ఇకమీదట రోడ్డు వేయాలంటే కర్బన ఉద్గారాలు పెరగకుండా ప్రయాణాలను బస్సు, రైలు వైపు మళ్లించడం, భద్రత, వాతావరణ మార్పును తట్టుకోవడం లాంటి అవసరాలకే అని నియమం పెట్టింది. వ్యాపారులు, పల్లెల నుంచి అభ్యంతరాలు వచ్చాయి, అవి సహజమే. అయినా ఈ రోడ్డు ఎలా వేయాలి అన్న ప్రశ్నకన్నా ముందు, ఈ రోడ్డు దేనికి అని ఒక ప్రభుత్వం అడిగింది. మిగతా చోట్ల ఆ ప్రశ్న అడిగే కుర్చీయే ఉండదు.

ఉన్న రోడ్లను కాపాడుకోవడం గురించి కూడా ఒక మాట. కొత్త రోడ్డుకు శంకుస్థాపన ఉంటుంది, పాత రోడ్డు మరమ్మతుకు రిబ్బన్ కట్ చేసేవాళ్లుండరు. కానీ సమయానికి గుంటలు పూడ్చి, పైపొర వేసి, కాలువలు తీసిన రోడ్డు ఏళ్లకొద్దీ నిలుస్తుంది. ఒక్క సెంటు కొత్త నేల అక్కర్లేదు. ఎవరి ఇల్లూ పోదు.

అనుమతి ఇచ్చేటప్పుడు పెట్టిన షరతులు రోడ్డు ప్రారంభమయ్యాక ఎవరి బాధ్యత అన్నది ఇంకా తేలని విషయం. కంచె విరిగితే బాన్ఫ్‌లోనైనా జంతువులు మళ్లీ రోడ్డు మీదికి వస్తాయి. కెమెరాలు పెట్టకపోతే పెంచ్‌లో ఆ దారుల కింద పులి నడిచిందో లేదో ఎవరికీ తెలియదు. తూము పూడిక తీయకపోతే అది ఐదేళ్లలో గోడ అవుతుంది. నిర్మాణ సంస్థ వెళ్లిపోతుంది, అనుమతి ఇచ్చిన కమిటీ రద్దవుతుంది, సంతకం పెట్టిన అధికారి బదిలీ అవుతారు. ఆ తూము పక్కనే పొలం ఉన్న మనిషి మాత్రం అక్కడే ఉంటాడు. పూడిక పడిందని ఎవరికి ఫోన్ చేయాలో, ఎన్ని రోజుల్లో వచ్చి తీయాలో, తీయకపోతే ఎవరి దగ్గర జరిమానా పట్టాలో కాంట్రాక్టు కాగితంలో ఒక పేజీ రాసి, ఆ పేజీని అతనికి అర్థమయ్యే భాషలో అతని చేతికిచ్చిన ప్రాజెక్టులు చాలా తక్కువ.